మాటల చుట్టరికం పట్టిన పాదిరి

రంభ (గంజాం జిల్లా): ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. రంభ, ఛత్రపురం, బరంపురం ప్రాంతాల తెలుగువాళ్ళకి ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు. రెండు భాషల తీరూ వేరే అయినా కొన్ని మాటలు మాత్రం ఎటు తిరిగినా అవే వినిపిస్తాయి. మనం దానం అంటే వాళ్ళు దాన అంటారు. మన పాదం వాళ్ళకి పాద. మన విధవ అక్కడ బిధబా అవుతుంది, అంతే తేడా. రెండు భాషలూ సంస్కృతం దగ్గర తెచ్చుకున్న మాటలు కాబట్టి ఇందులో వింత ఏమీ లేదు. ఇవే మాటలు ఏడు సముద్రాల అవతల రోము నగరంలోనూ ఉండటమే అసలు వింత. లాటిన్ భాషలో దానం అంటే డోనుమ్. విధవ అంటే విదువా. అగ్ని అంటే ఇగ్నిస్.

ఎక్కడి రోము, ఎక్కడి రంభ! ఈ పోలిక ఎలా వచ్చిందో కూర్చుని లెక్క తేల్చినవాడు కాశీ పండితుడు కాదు, కలకత్తా దొర కాదు. తెలుగువాళ్ళ మధ్య తెలుగు నేర్చుకున్న ఒక ఫ్రెంచి పాదిరి. పేరు గాస్టన్ లారెంట్ కేర్దూ. (ఇంగ్లిషు అక్షరాల్లో చూసి చదివితే ఏదేదో పలుకుతుంది గానీ ఫ్రెంచివాళ్ళు పలికేది ఇంచుమించు ఇలాగే.) ఆయన రాసిన లేఖ పారిస్‌లో ఎవరి చేతిలో పడిందో ఆ మనిషి అంతకు పదేళ్ళ ముందు చిలికాను పక్కన పెట్టుకుని ఈ గంజాం సీమ మీదుగానే నడిచి వెళ్ళాడు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

నలభై ఏళ్ళకి తెలుగు ఓనమాలు

కేర్దూ 1691 డిసెంబరు 18న ఫ్రాన్స్‌లోని బూర్జ్ పట్టణంలో పుట్టారు. 1715లో యేసు సభలో చేరారు. ఈ సభవాళ్ళనే మనవాళ్ళు జెసూట్లు అంటారు. చదువు, క్రమశిక్షణ, దూరదేశాలకు వెళ్ళి మతప్రచారం చేయడం వాళ్ళ పని. కేర్దూ మన దేశం చేరింది 1732లో. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు. గుణింతాలు, ఒత్తులు మొదలుపెట్టే వయసు కాదు. అయినా నేర్చుకున్నారు.

ఆయన చేరిన దానికి కర్ణాటక మిషన్ అని పేరు. పేరులో కర్ణాటక ఉన్నా పని ఎక్కువగా తెలుగు మాట్లాడే చోటనే. పుదుచ్చేరి నుంచి లోపలికి పుంగనూరు, బళ్ళాపురం, కృష్ణాపురం వైపు ఫ్రెంచి జెసూట్లు 18వ శతాబ్దం మొదట్లోనే స్థావరాలు పెట్టుకున్నారు. వాళ్ళ తీరు ఇప్పటివాళ్ళకి ఆశ్చర్యంగా ఉంటుంది. కాషాయం కట్టేవారు, మాంసం ముట్టేవారు కాదు, సన్యాసుల్లా బతికేవారు. అంతకు నూరేళ్ళ ముందు మధురలో రాబర్ట్ డి నోబిలి వేసిన దారి ఇది. పరాయి మతంలా కనిపిస్తే ఊళ్ళోకి రానివ్వరు, ఊరి పద్ధతిలో ఉంటేనే మాట వింటారు అన్నది వాళ్ళ లెక్క. రోములో ఇది చాలామందికి నచ్చలేదు. దశాబ్దాల తరబడి తగాదా నడిచింది. చివరికి 1744లో పోపు పద్నాలుగో బెనడిక్ట్ గట్టి ఆజ్ఞ ఒకటి జారీ చేసి ఆ పద్ధతులకి చాలావరకు కళ్ళెం వేశారు. సరిగ్గా ఆ ఏడాదే కేర్దూ ఈ మిషన్‌కి పెద్ద అయ్యారు. 1751 వరకు ఆ బాధ్యత ఆయనదే.

మతం పని ఎలా ఉన్నా భాష పని మాత్రం ఆయన వదల్లేదు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం మూడూ కలిపి ఒక నిఘంటువు తయారుచేశారు. అది చేతిరాత ప్రతిగా పారిస్ చేరింది. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు 1852లో అచ్చయింది. కేర్దూ దానికి చాలా ముందువాడు. ఆయనకి సంస్కృతం కూడా మన దక్షిణాది నోటి నుంచే అందింది. రుజువు కావాలంటే ఆయన రాత చూడాలి. సంస్కృతం అన్న మాటని ఆయన ఫ్రెంచి అక్షరాల్లో ‘సంస్క్రుత’ అని పలికేలా రాశారు. ఉత్తరాదివాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ‘సంస్క్రిత్’ అని రాసేవారు. ఆ ‘క్రు’ మనది.

కరక్కాయ, గేదె పాలు

పాదిరికి యూరప్‌లో మొదట పేరు తెచ్చింది భాష కాదు, బట్ట. కోరమండల్ తీరంలో చేతితో రంగులు వేసే నూలు బట్టలంటే అప్పట్లో ఫ్రాన్స్‌లో పిచ్చి. ఎంత పిచ్చంటే, తమ దేశపు పట్టు, ఉన్ని నేతగాళ్ళు దివాలా తీస్తారని 1686లో ప్రభుత్వమే వాటి దిగుమతిని, అలాంటి అద్దకాన్నీ నిషేధించింది. 1759 దాకా నిషేధం ఎత్తలేదు. జనం మాత్రం దొంగచాటుగా కొంటూనే ఉన్నారు. ఎన్నిసార్లు ఉతికినా ఆ రంగు ఎందుకు పోదో అక్కడెవరికీ అంతుపట్టలేదు.

ఆ గుట్టు కేర్దూ విప్పారు. 1742 జనవరి 18న పారిస్‌లోని తోటి జెసూటు దు హాల్డ్‌కి రాసిన లేఖలో పని మొత్తం వరసగా పెట్టేశారు. సగం చలువ చేసిన బట్టని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. పిండి, ఎండబెట్టి, చెక్క మీద వేసి నున్నగా కొట్టాలి. బొగ్గుపొడితో బొమ్మ దించాలి. నలుపుకి ఇనుము ఊరిన నీళ్ళు, ఎరుపుకి పటిక నీళ్ళు వాడాలి. ఆ తర్వాత చిరివేరు వేసి కాస్తే పటిక రాసినచోట మాత్రమే ఎర్ర రంగు పట్టుకుంటుంది. నీలం వద్దనుకున్న చోటల్లా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. మేక పెంటికలు కలిపిన నీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేస్తే అక్కర్లేని రంగంతా పోయి నేల తెల్లగా తేలుతుంది. ఎర్ర రంగు బాగా పండాలంటే నీళ్ళ గుణం కూడా కుదరాలని ఆయన గమనించారు. మచిలీపట్నం, కాళహస్తి కలంకారీ పనివాళ్ళు ఎవరైనా ఈ లేఖ చదివితే మన పనే కదా అంటారు.

ఆయనకి ఇదంతా ఎవరు చెప్పారు? క్రైస్తవంలో చేరిన అద్దకం పనివాళ్ళు. ఒకరిని అడిగి, ఇంకొకరిని అడిగి, రెండూ సరిచూసుకుని రాసుకున్నారు. పద్ధతి తెలిసిన మనిషి. కానీ తరతరాలుగా ఇంటి గుట్టుగా దాచుకున్న పనితనం అది. పాదిరిని నమ్మి చెప్పారు. ఆయన దాన్ని తన దేశానికి సేవ అనుకుని పంపించారు, వాళ్ళు అచ్చువేసుకున్నారు. నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాది, 1760లో, పారిస్ దగ్గర జూయీ గ్రామంలో ఓబర్‌కాంఫ్ పెట్టిన అద్దకం కార్ఖానా యూరప్ అంతా పేరు మోసింది. ఒక్క కేర్దూ లేఖ వల్లే ఇదంతా జరిగిందంటే అతిశయోక్తి. మన బట్ట గుట్టు తెలుసుకోవడానికి ఫ్రెంచివాళ్ళు వేరే దారులూ వెతికారు. అయినా ఈ లేఖని పట్టుకుని అక్కడివాళ్ళు మళ్ళీ ప్రశ్నలు వేయడం, 1747లో ఆయన ఇంకో లేఖలో వివరాలు చేర్చడం చూస్తే దానికి ఎంత గిరాకీ ఉందో తెలుస్తుంది. ఆ పనివాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా చరిత్రకెక్కలేదు.

1748 సెప్టెంబరు

ఈ జీవితంలో దాటవేయకూడని రోజు ఒకటుంది. 1748లో ఇంగ్లిషు నౌకాదళం అధిపతి బోస్కావెన్ పుదుచ్చేరిని ముట్టడించాడు. పట్టణంలో డూప్లే పాలన. జెసూట్ల చర్చి పక్కనే వేదపురీశ్వరుడి గుడి. ఆ గుడిని తీసేయించాలని జెసూట్లు ఏళ్ళ తరబడి పట్టుపడుతూనే ఉన్నారు. జనం ఒప్పుకోకపోవడంతో సాగలేదు. ముట్టడి గందరగోళంలో అవకాశం దొరికింది. గుడి కూల్చేశారు.

ఇదంతా డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనంద రంగ పిళ్లై తన దినచర్యలో రాసిపెట్టారు. పిళ్లై తెలుగువాళ్ళకి కొత్తవారేమీ కాదు. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందం రాసింది ఈయన పేరు మీదే. అరవంలో రాసుకున్న ఆ దినచర్యలో కారైకాల్ పాదిరి కేర్దూ పేరు విడిగా ఉంది. పెద్ద సుత్తి పట్టుకొచ్చి లింగాన్ని కాలితో తన్ని పగలగొట్టారని, మిగిలిన విగ్రహాలు కూడా పగలగొట్టమని పక్కనున్నవాళ్ళకి పురమాయించారని పిళ్లై నమోదు చేశారు. పిళ్లైకి జెసూట్లంటే గిట్టదు, నిజమే. కానీ ఊళ్ళో జరిగినదాన్ని ఏ రోజుది ఆ రోజు రాసుకునే మనిషి. దాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు.

కాషాయం కట్టే పద్ధతిలో పనిచేసిన మిషన్, శాకాహారం, సంస్కృత నిఘంటువు ఒకపక్క, ఈ సుత్తి ఒకపక్క. కేర్దూని మెచ్చుకునే పుస్తకాలు సుత్తి సంగతి ఎత్తవు. తిట్టేవాళ్ళు నిఘంటువు సంగతి ఎత్తరు. రెండు పనులూ చేసింది ఒక్క మనిషే.

పారిస్ నుంచి ప్రశ్న

మిషన్ పెద్దరికం దిగిన తర్వాత కేర్దూ గడిపిన కాలమంతా యుద్ధాలే. 1761 జనవరిలో పుదుచ్చేరి ఇంగ్లిషువాళ్ళ చేతికి పోయింది. కోట, మేడలు, చర్చి నేలమట్టం చేశారు. పట్టణం తిరిగి ఫ్రెంచివాళ్ళకి దక్కింది 1765లో. ఈలోగా, 1763లో, పారిస్ పండిత సభలో సభ్యుడైన బార్తెలెమీ అనే మతాచార్యుడు కేర్దూకి ఉత్తరం రాశారు. సంస్కృత వ్యాకరణం, నిఘంటువు పంపగలరా, ఈ దేశపు పాత చరిత్ర చెప్పగలరా అని అడిగారు. శిథిలాల మధ్య కూర్చున్న డెబ్బై దాటిన ముసలాయన అడిగినదానికి జవాబిస్తూ, అడగనిదాన్ని కూడా పంపించారు. 1767లో పంపిన ఆ పత్రంలో వేసుకున్న ప్రశ్న ఒక్కటే. సంస్కృతంలో లాటిన్, గ్రీకు మాటలు ఇన్ని ఎందుకున్నాయి?

పోలిక గమనించిన మొదటి మనిషి ఆయన కాదు. 1580ల్లోనే గోవాలో ఉన్న ఇంగ్లిషు జెసూటు థామస్ స్టీఫెన్స్, ఇటలీ వర్తకుడు సాసెట్టి తమ ఉత్తరాల్లో ఈ సంగతి ప్రస్తావించారు. చూశారు, అబ్బురపడ్డారు, వదిలేశారు. కేర్దూ వదల్లేదు. ముందు మాటల జాబితా వేశారు. దానం, విధవ లాంటివి ఒక వరస. అంకెలు, సర్వనామాలు ఇంకో వరస. తర్వాత వ్యాకరణంలోకి వెళ్ళారు. అస్మి, అసి, అస్తి అని సంస్కృతంలో ఉంటే లాటిన్‌లో సుమ్, ఎస్, ఎస్ట్ అని ఉంది. సంస్కృతంలోలాగే గ్రీకులోనూ ద్వివచనం ఉంది. ‘అ’ చేరిస్తే అర్థం తిరగబడటం కూడా రెండింటిలో ఉంది.

ఇక కారణం. వర్తకం వల్ల వచ్చిందా? ఒకరినొకరు జయించడం వల్లా? ఇరుగుపొరుగు వల్లా? చదువులు, మతం వల్లా? ఒక్కొక్కటీ తీసుకుని ఇది కుదరదు, ఇది కుదరదు అని పక్కన పెట్టారు. ఆయన తర్కం మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. పోర్చుగీసువాళ్ళు వచ్చాక మనకి అలమారా వచ్చింది, బాల్చీ వచ్చింది. వస్తువుతో పాటు పేరూ దిగింది. కానీ ఓడలో సరుకు దించినవాడి దగ్గర ఎవరూ తమ మోకాలికి పేరు అరువు తెచ్చుకోరు. నేను, నువ్వు అనడం నేర్చుకోరు. రెండు, మూడు లెక్కపెట్టడమూ నేర్చుకోరు. అవి తల్లి ఒడిలో వచ్చే మాటలు. అవే కలిశాయంటే కొన్నది కాదు, పుట్టుకే ఒకటి. సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒకే మూలం నుంచి చీలాయని ఆయన తేల్చారు. ఆ మూలం ఏదన్న దగ్గర మాత్రం బైబిల్‌కి వెళ్ళిపోయారు. జలప్రళయం తర్వాత నోవహు కొడుకు యాపెతు సంతతి అటూ ఇటూ విడిపోయిందన్నారు. ఆ ముక్క ఆ కాలపు పాదిరిది. మిగతాదంతా ఇప్పటికీ నిలిచిన శాస్త్రం.

ఒక్క మాట ఇక్కడ రంభ పాఠకులకి. కేర్దూ పట్టిన చుట్టరికంలో ఒడియా ఉంది, తెలుగు లేదు. సంస్కృతం నుంచి దిగిన భాష ఒడియా. తెలుగు ఆ మాటలు తెచ్చుకుంది గానీ ఆ ఇంటి బిడ్డ కాదు. ఈ సంగతి మద్రాసులో ఎల్లిస్ దొర తేల్చారు. 1816లో అచ్చయిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణంలో ఆయన రాసిన ముందుమాటలో అది ఉంది. చిలికా ఒడ్డున స్నాడ్‌గ్రాస్ దొర కట్టించిన రంభ ప్యాలెస్‌లో 20వ శతాబ్దం మొదట్లో ఒడియా ప్రాంతాలన్నీ ఒకటి కావాలన్న మాట పుట్టిందన్నా, 1936లో గంజాం ఒడిశాలో కలిసి ఇక్కడి తెలుగువాళ్ళు సరిహద్దు అవతలివాళ్ళయిపోయారన్నా, అంతటికీ భాషే లెక్క. ఒక భాషా కుటుంబం గుట్టు పరాయి కుటుంబంలోని తెలుగు దారిన బయటపడింది.

చిలికా దారిన నడిచినవాడు

కేర్దూ పత్రాన్ని బార్తెలెమీ తన మిత్రుడు ఆంకెటిల్ దుపెరాన్ చేతిలో పెట్టారు. మొదట్లో చెప్పిన బాటసారి ఈయనే. వేదాలు, పార్శీల గ్రంథాలు చదవాలని పాతికేళ్ళు నిండకుండానే ఫ్రాన్స్ నుంచి బయల్దేరి 1755లో మన దేశం చేరిన పండితుడు. బెంగాల్‌లో ఉండగా, 1757 మార్చిలో ఫ్రెంచివాళ్ళ చంద్రనగర్ క్లైవ్ చేతికి పోయింది. అక్కడి నుంచి పుదుచ్చేరికి నేల దారిన బయల్దేరారు. బాలాసోర్, కటక్, పూరీ జగన్నాథం, గంజాం, అక్కడి నుంచి తీరం వెంట కిందికి. అప్పట్లో గంజాంతో కలిసిన శ్రీకాకుళం సర్కారు నిజాం ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చిన సీమ, బుస్సీ చేతిలో ఉంది. మండు వేసవిలో బయల్దేరి సుమారు నూరు రోజులు ప్రయాణం చేసి ఆగస్టులో పుదుచ్చేరి చేరారు.

ఈ దేశపు దుమ్ము తిన్న మనిషి కాబట్టి కేర్దూ రాతలోని బరువు ఆయనకి తెలుసు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. అయినా పత్రం అచ్చుకి వెళ్ళలేదు. నలభై ఏళ్ళు బీరువాలోనే ఉండిపోయింది. 1808లో పండిత సభ సంపుటంలో, ఆంకెటిల్ వ్యాసానికి వెనక తోకలా అచ్చయింది. అప్పటికి ఆంకెటిల్ పోయి మూడేళ్ళు. కేర్దూ పోయి దాదాపు మూడు దశాబ్దాలు.

ఈలోగా 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభలో సర్ విలియం జోన్స్ నిలబడి సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్నారు. ప్రపంచమంతా విన్నది ఆ ఉపన్యాసాన్నే. పాఠ్యపుస్తకాల్లో ఎక్కింది ఆ తేదీయే. జోన్స్‌ని తప్పుపట్టనక్కర్లేదు, ఆయన తన చదువుతో తాను అక్కడికి చేరారు. తప్పంతా పారిస్ బీరువాది.

పోయాక కూడా

చివరి రోజులు సుఖంగా సాగలేదు. ఫ్రాన్స్ రాజు 1764లో యేసు సభని రద్దు చేశారు. 1773లో పోపే మొత్తం సభని రద్దు చేసేశారు. 1715 నుంచి తనదనుకున్న ఇల్లు 81 ఏళ్ళ వయసులో కూలిపోయింది. పుదుచ్చేరిలో మిగిలిన పాత జెసూట్లు పారిస్ విదేశీ మిషన్ గురువులతో కలిసి పనిచేయాల్సి వచ్చింది. 1778 అక్టోబరులో ఇంగ్లిషువాళ్ళు పట్టణాన్ని మళ్ళీ పట్టుకున్నారు. శత్రువుల పాలనలోనే 1779 జూన్ 15న, 87 ఏళ్ళ వయసులో కేర్దూ కన్నుమూశారు.

ఆయన కష్టం అక్కడితో ఆగలేదు. మన కులాలు, పెళ్ళిళ్ళు, పండగలు, బ్రాహ్మణుల ఆచారాల గురించి ఆయన పెద్ద పుస్తకమే రాసిపెట్టుకున్నారు. 1792లో ఫ్రాన్స్ నుంచి వచ్చి మైసూరు వైపు తిరిగిన దుబ్వా అనే మరో పాదిరి ఇలాంటి పుస్తకాన్నే తన పేరుతో తయారుచేశారు. 1807లో మద్రాసు గవర్నర్ బెంటింక్ చొరవతో ఈస్టిండియా కంపెనీ దాన్ని 2000 వరహాలకి కొన్నది. 1816లో లండన్‌లో ఇంగ్లిషులో వెలువడింది. హిందువుల ఆచారాలంటే దుబ్వా పుస్తకం చూడాలన్నంత పేరొచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ దొరలు మనల్ని చూసింది చాలావరకు ఆ అద్దంలోంచే. 1897లో బోషాంప్ చేసిన అనువాదం ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతుంది.

అసలు గుట్టు బయటపడటానికి నూటయాభై ఏళ్ళు దాటింది. 1970ల్లో సిల్వియా మూర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు లండన్‌లోని ఇండియా ఆఫీసు గ్రంథాలయంలో ఒక రాతప్రతి గుర్తుపట్టారు. పుదుచ్చేరిలో ఫిరంగి దళం అధికారిగా పనిచేసిన దెవో 1777లో తయారుచేసిన ప్రతి అది. అందులో ఉన్నది కేర్దూ పుస్తకం. పక్కపక్కన పెట్టి చూస్తే దుబ్వా పుస్తకంలో పెద్ద భాగం అందులోంచే వచ్చిందని తేలింది. దుబ్వా తన సొంత అనుభవాలు చేర్చారు, తర్వాత కూర్పుల్లో దిద్దుకున్నారు. పునాది మాత్రం ఆయనది కాదు.

ఫ్రెంచి ప్రాచ్య విద్యా సంస్థ 1987లో దీన్ని రెండు సంపుటాలుగా అచ్చువేసింది. మొదటిదాంట్లో దెవో ప్రతి. రెండోది కేర్దూ పాండిత్యం మీద మూర్ రాసిన పరిశీలన.